నెలనొప్పి మీద నేను చెప్పిన సాక్ష్యం

పటమట,
శుక్రవారం.

నా చెల్లెలు చిట్టికి అక్క కరుణ ప్రేమతో రాసేది.

ప్రభువు దయ వల్ల మరిదిగారూ, పిల్లలిద్దరూ, మీ అత్తగారూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నీ ఒంటి సంగతి నాకు తెలుసు కాబట్టి నీ గురించి ఆ మాట రాయలేకపోతున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? నేను పంపిన తైలం రాస్తోందా, లేక పెట్టెలో దాచిపెట్టిందా? దాచిపెట్టే ఉంటుంది. తీసి నువ్వే రాయి.

ఇక్కడ మేం నలుగురం బాగానే ఉన్నాం. మా గురించి బెంగ పెట్టుకోవద్దు. మీ బావకి ఆటోనగర్‌లో లారీ బాడీలకి రంగులు వేసే పని నిలకడగానే దొరుకుతోంది. సుధ పదో తరగతి పుస్తకాల్లో తల దూర్చి కూర్చుంటోంది. చిన్నది మాత్రం ఇంకా మన ఊరి బడే బాగుందని రోజూ ఒకసారి ఏడుస్తుంది. మేం బాగానే ఉన్నాం.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటి, అక్కకి పిచ్చి పట్టిందా అనుకుంటున్నావు కదూ? నీ ఫోన్ సంగతి నాకు తెలీదా చిట్టీ! స్పీకర్ నొక్కకపోతే నీకు వినబడదు. నొక్కితే మీ అత్తగారికీ, పక్కింటివాళ్ళకీ, దొడ్లో గేదెకీ కూడా వినబడుతుంది. నేను చెప్పబోయేది గేదె ముందు చెప్పే మాట కాదు. అందుకే రేపు ఊరికొస్తున్న మీ బావ చేతికి ఈ కవరు ఇచ్చి పంపుతున్నాను. అంటించే ఇస్తాను, ఆయన చదవడు. ఒక్కదానివే కూర్చుని చివరిదాకా చదువు. మధ్యలో కోపం వచ్చినా ఆపకు.

మంగళవారం నువ్వు ఫోన్ చేసి, "అక్కా, నాట్లు అయిపోయినయ్యి. వచ్చే బుధవారం ఎల్తున్నాం. ఆర్‌ఎంపీ గారు అన్నీ మాట్లాడేశారు. నువ్వు తీయించుకున్న ఆసుపత్రే" అన్నావు. నీతోపాటు మీ నాట్ల ముఠాలో ఇంకో ఇద్దరు కూడా వస్తున్నారనీ, ముగ్గురూ ఒకే ఆటోలో వెళ్తున్నారనీ పెళ్ళికి వెళ్తున్నంత హుషారుగా చెప్పావు. నేను "సరేలేవే, పనిలో ఉన్నా" అని పెట్టేశాను. పనేమీ లేదు. ఈ మూడు రోజులూ అన్నం ముందు కూర్చోవడం, లేవడం, అంతే.

నువ్వు గర్భసంచి తీయించుకోవద్దు చిట్టీ. ముందు ఆ ముక్క రాసేస్తే నా గుండె బరువు కొంత దిగుతుంది. ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెప్తాను.

ఈ ఊరొచ్చి ఎనిమిది నెలలైంది కదా. మొదట్లో నాకు ఇక్కడి ఉక్కే సరిపడలేదు. కృష్ణ నిండా నీళ్ళున్నాయని అందరూ బ్యారేజీ మీదికి వెళ్ళి చూసొస్తున్నారు, మా గదిలోకి మాత్రం గాలి అన్నది రాదు. రంగు వాసన మీ బావ చొక్కాతో ఇంట్లోకొచ్చి అన్నంలోకి కూడా చేరుతుంది. ఇక్కడ చేపలు కొనాలంటే మనసొప్పదు, కళ్ళు చూస్తేనే ఎన్నాళ్ళవో తెలిసిపోతుంది. వీలైతే నాలుగు గుప్పెళ్ళు ఎండు రొయ్యలు మీ బావకి కట్టివ్వు. వంకాయలో వేసుకుంటాను. ఇరుగుపొరుగు మంచివాళ్ళే, కానీ తలుపులు వేసుకునే ఉంటారు. మన వీధిలో పొద్దున్నే ఒకరి పేరు ఒకరు పెట్టి అరుచుకుంటామే, ఆ అరుపుల కోసం ప్రాణం లాగుతోంది.

పని దొరికిందని చెప్పాను కదా, పటమటలో ఒక డాక్టరమ్మ క్లినిక్‌లో ఆయా పని. ఆడవాళ్ళ డాక్టరు. వచ్చినవాళ్ళ పేర్లు పిలవడం, మంచం మీద దుప్పటి మార్చడం, స్కాన్ గదిలోకి తీసుకెళ్ళడం నా పని. డాక్టరమ్మ మంచిది, నోరు మాత్రం పెద్దది. తప్పు చేస్తే మందుల షాపు దాకా వినపడేట్టు అరుస్తుంది, అరగంటలో తనే టీ తెప్పించి ఇస్తుంది. నాకు ఆవిడంటే భయం, ఇష్టం రెండూ ఉన్నాయి.

పోయిన నెల ఒక ఆదివారం ఆరాధనకి గుడికి తయారవుతుంటే సుధ మంచం దిగలేదు. డేట్ వచ్చింది. మోకాళ్ళు గుండెకి ఆనించుకుని ముడుచుకుపోయి ఉంది, ముఖం పాలిపోయి చెమటలు. రెండుసార్లు వాంతి చేసుకుంది. నేను వాము కాచి ఇచ్చాను, అమ్మ మనకి చేసినట్టే ఇటుకరాయి వేడి చేసి గుడ్డలో చుట్టి పొత్తికడుపు మీద పెట్టాను. పెడుతూ పెడుతూ, అమ్మ మనతో అన్నమాటే నా నోటికి వచ్చేసింది. "ఆడపిల్లలకి మామూలేనే. పెళ్ళయితే తగ్గుద్దిలే" అన్నాను.

అది కళ్ళు తెరిచి నన్ను చూసి, "నీకు తగ్గలేదుగా. నాకూ తగ్గకపోతే నాకు కూడా తీయించేస్తావా అమ్మా?" అంది.

అది ఎగతాళికి అనలేదే. నిజంగా భయపడి అడిగింది. నేను ఆ రోజు గుడికి వెళ్ళలేదు. సోమవారం పొద్దున్నే దాన్ని వెంటబెట్టుకుని డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాను.

ఆవిడ సుధని చాలాసేపు అడిగింది. ఎప్పటినుంచి వస్తోంది, ఎన్ని రోజులు ఉంటుంది, రోజుకెన్ని ప్యాడ్లు, బడి మానేస్తోందా, నడుమూ తొడలూ లాగుతాయా అని. నన్ను నా జన్మలో ఎవరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు. తర్వాత ఒక కాగితం మీద బొమ్మ గీసి దానికి చెప్పింది. నేను పక్కన నిలబడి విన్నాను. నీకు అర్థమయ్యేట్టు నాకు గుర్తున్నంతవరకు రాస్తాను.

గర్భసంచి అంటే ఒక కండ అట. నెలనెలా లోపల ఒక పొర పెరుగుతుంది. కడుపు రాకపోతే ఆ పొరని బయటికి పంపెయ్యాలి. అందుకని కండ గట్టిగా పిండుకుంటుంది, మనం తడిబట్ట పిండినట్టు. అలా పిండుకోమని చెప్పేందుకు ఆ పొరలోనే ఏవో రసాయనాలు తయారవుతాయట. కొందరికి అవి ఎక్కువ తయారవుతాయి. అప్పుడు పిండటం ఎక్కువవుతుంది, కండకి రక్తం సరిగా అందదు, నొప్పి పెరుగుతుంది. కడుపులో తిప్పడం, వాంతులు, విరేచనాలు కూడా వాటివల్లేనట. ఇన్నేళ్ళూ నేను పైత్యం అనుకున్నాను.

"నొప్పి బిళ్ళ ఎప్పుడేసుకుంటున్నావమ్మా?" అని అడిగింది.

"ఏసుకోదండీ. బిళ్ళలు వాడితే పిల్లలు పుట్టరని నేనే వద్దన్నానండి" అన్నాను.

"ఎవరు చెప్పారు నీకు?" అని ఒక్క అరుపు అరిచింది. ఎవరు చెప్పారని చెప్పను? అందరూ చెప్పిందే కదా. సుధకి ఆస్తమా గానీ, కడుపులో పుండు గానీ, మూత్రపిండాల జబ్బు గానీ లేవని అడిగి తెలుసుకుని అప్పుడు మాత్ర రాసింది. ఆ మాత్రలు ఊరికే నొప్పి తెలియకుండా చెయ్యవట, ఆ రసాయనాలు తయారవడమే తగ్గిస్తాయట. అందుకని నొప్పి నెత్తికెక్కాక కాదు, మొదలవుతున్నట్టు తెలియగానే వేసుకోవాలి. పరగడుపున వద్దు, ఏదైనా తిన్నాక. ఒకటి రెండు రోజులు, రాసినంతవరకే. వేడినీళ్ళ కాపడం మంచిదే, చర్మం కాలకుండా చూసుకోమంది. మంచానికి అతుక్కుపోకుండా కాస్త నడవమంది. అమ్మ ఇటుకరాయి తప్పు కాదని విన్నాక నాకు ఎందుకో ఏడుపొచ్చింది.

ఈ నెల సుధ ఆ మాత్ర టైముకి వేసుకుంది. నొప్పి పూర్తిగా పోలేదు గానీ లేచి జడ వేసుకుని బడికి వెళ్ళింది. నేను గుమ్మంలో నిలబడి అది సందు మలుపు తిరిగేదాకా చూశాను.

నేను పదమూడో ఏట నుంచి పడ్డాను చిట్టీ ఆ నొప్పి. నీకు గుర్తుండే ఉంటుంది, నారుమడిలో వంగి ఉండగా మొదలైతే గట్టు పట్టుకుని కూలబడిపోయేదాన్ని. పైట కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేదాన్ని, మగవాళ్ళకి వినపడకూడదని. మేస్త్రీ, "నెలకి మూడ్రోజులు నువ్వు పడుకుంటే నీ వరసెవరు నాటుతారు?" అనేవాడు. చిన్నది పుట్టాక నొప్పి ఇంకా పెరిగింది. అప్పుడే ఆర్‌ఎంపీ గారు అన్నాడు, "పిల్లల ఆపరేషన్ కూడా అయిపోయిందిగా. ఇంకా ఆ సంచితో పనేంటమ్మా? తీయించేస్తే ఒక్కరోజుతో పీడ పోద్ది" అని. నాకు ఆ మాట దేవుడి నోట విన్నట్టుంది. ఇరవై ఏడేళ్ళు నాకు.

సుధని చూపించిన రోజు డాక్టరమ్మ నావైపు తిరిగి, "నీ సంగతేంటి? ఫ్యాన్ కింద కూడా ఎప్పుడూ చెమటలు కక్కుతుంటావు, రెండు మెట్లెక్కితే నడుం పట్టుకుంటావు" అంది. చెప్పాను.

"స్కాన్‌లో ఏం కనపడిందని తీశారు?"

"స్కాన్ తీశారో లేదో గుర్తు లేదండి. కడుపునొప్పికి తీశారండి."

మర్నాడు పాత కాగితాలు పట్టుకెళ్ళాను. బైబిల్లో పెట్టి దాచుకున్నాను కదా అవి, ఆపరేషన్ బాగా జరిగిందన్న కృతజ్ఞతకి. ఆవిడ చదివి, "కరుణా, నీ అండాశయాలు కూడా తీసేశారే, రెండూ. నీకు చెప్పారా?" అని అడిగింది. ఈసారి అరవలేదు. మెల్లగా అడిగింది. అందుకే నాకు భయం వేసింది.

నాకెవరూ చెప్పలేదు చిట్టీ. అవి ఉంటాయనే నాకు తెలీదు. ఎముకలకి బలం, ఒంటికి సత్తువ ఇచ్చే హార్మోన్లు వాటిల్లోంచే వస్తాయట. అవి తీసేస్తే యాభై ఏళ్ళకి రావాల్సిన ముట్లుడిగిన బాధలన్నీ మర్నాడే మొదలవుతాయట. ఉన్నట్టుండి ఒళ్ళంతా మంట, చెమటలు, కీళ్ళ నొప్పులు, ఊరికే కోపం, ఊరికే ఏడుపు. నాకిప్పుడు ముప్పై ఆరు. ఎముకల పరీక్షలో అరవై ఏళ్ళ ముసలమ్మ ఎముకల్లా ఉన్నాయని వచ్చింది. మందులిచ్చింది, వాడుతున్నాను, నువ్వు దానికి బెంగ పెట్టుకోకు. నాట్లకి వంగలేకపోతున్నానని కదా మేం ఊరొదిలి వచ్చింది. బద్ధకమని మా అత్త అనేది. నేను కూడా నన్ను నేను అలాగే తిట్టుకున్నాను.

ఇంతవరకు రాసింది చదివితే నీకు నా మీద జాలి కలుగుతుంది. ఇప్పుడు రాసేది చదివితే కలగదు.

ఆపరేషన్ అయిన నాలుగో నెలలో, ఆదివారం ఆరాధనలో నేను లేచి సాక్ష్యం చెప్పాను గుర్తుందా? నువ్వు ముందు చాప మీద కూర్చుని ఉన్నావు, సుధ నీ ఒళ్ళో ఉంది. నీకింకా పెళ్ళి కాలేదు. "నెలనెలా నన్ను నేల మీద పడేసిన నొప్పిని ప్రభువు వేళ్ళతో సహా తీసేశాడు. ఇప్పుడు నాకు ఏ బాధా లేదు. హాయిగా ఉన్నాను" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరమ్మ గారు నన్ను కౌగలించుకున్నారు.

అప్పటికే నాకు ఒంట్లో బాగోలేదే. నిలబడి ఆ మాట అంటుండగానే నిప్పుల గుండం పక్కన ఉన్నట్టు ఒళ్ళు మండింది, వీపంతా తడిసిపోయింది. మోకాళ్ళు అప్పటికి నెల రోజులుగా లాగుతున్నాయి. ఏదో తేడా చేసిందని నాకు లోపల తెలుసు. కానీ నాకోసం సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేశారు. మా ఇంటికి వంతులేసుకుని అన్నం తెచ్చిపెట్టారు. వాళ్ళందరి మొహాలు చూసి, బాగోలేదని ఎలా అనను? అంటే దేవుడు చేసింది తప్పని అన్నట్టు కాదూ? అందుకని హాయిగా ఉందన్నాను. నొప్పి పోయిన మాట నిజం. హాయిగా ఉందన్నది అబద్ధం. దేవుడి ఇంట్లో నిలబడి చెప్పిన అబద్ధం.

ఆ రోజు బయట చెప్పులేసుకుంటుంటే మన కాంతమ్మ వదిన నా చెయ్యి పట్టుకుని, "నిజంగా హాయిగా ఉందా కరుణా? నేను కూడా చచ్చిపోతన్నానే నెలకోసారి" అంది. అప్పుడైనా చెప్పొచ్చు. ఎవరూ వినడంలేదు, మేమిద్దరమే ఉన్నాం. "హాయిగా ఉంది వదినా, భయపడకు" అన్నాను. మరుసటి నెలలో ఆవిడ వెళ్ళింది. ఆవిడ వెనక ఇంకో ముగ్గురు. ఆవిడ మంచం పక్కన నేనే కూర్చుని కొబ్బరినీళ్ళు తాగించాను.

పోయిన సంక్రాంతి ముందు కాంతమ్మ వదిన బోదె కాలవ గట్టు మీద కాలు జారి కూర్చున్నట్టుగా పడితేనే తుంటి విరిగింది కదా. నలభై కూడా లేవు ఆవిడకి. ఎంత బరువు మోస్తోందో, అందుకే విరిగిందని ఊరంతా అన్నారు, నేనూ అన్నాను. డాక్టరమ్మ నా ఎముకల గురించి చెప్తున్నంతసేపూ నాకు ఆవిడ చేతిలో ఊతకర్రే కనపడింది. నాకూ ఆవిడకీ ఒకే చోట, ఒకే విధంగా తీశారు. ఆవిడ ఇప్పటికీ నన్ను చూస్తే నవ్వుతుంది.

ఆ సాక్ష్యం విన్నవాళ్ళలో నువ్వూ ఉన్నావు. మంగళవారం ఫోన్‌లో, "నువ్వు హాయిగా ఉన్నావుగా అక్కా, నాకింక భయమేంటి" అన్నావు. తొమ్మిదేళ్ళ కిందట నేనన్న మాటని పట్టుకుని నువ్వు ఆటో ఎక్కబోతున్నావు.

నీ నొప్పి నిజం కాదని నేననడం లేదు. అలా అన్నవాళ్ళ నోళ్ళు నాకు తెలుసు. నీకు చిన్నప్పుడు ఇంత నొప్పి లేదు. రెండో కాన్పు తర్వాత మొదలై ఏడాదికేడాదికీ పెరుగుతోంది, డేట్‌కి వారం ముందే మొదలవుతోంది, గడ్డలు గడ్డలుగా పోతోంది అన్నావు. పోయిన క్రిస్మస్‌కి నా చెవిలో ఇంకో మాట కూడా చెప్పావు, మరిదిగారితో ఉన్నప్పుడు కూడా లోపల నొప్పి అని. ఇవన్నీ పేరు చెప్పకుండా డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ వెంటనే, "ఇది చిన్నపిల్లలకి వచ్చే మామూలు నెలనొప్పి కాదు, దీనికి వేరే కారణం ఉండి ఉంటుంది, ముందు చూడాలి" అంది. సంచిలో గడ్డలు ఉండొచ్చట. లోపలుండాల్సిన పొర బయట పెరుగుతూ ఉండొచ్చట. ఇన్‌ఫెక్షన్ కావచ్చట. ఒక్కోదానికి ఒక్కో వైద్యం. కొన్ని మాత్రలతోనే తగ్గుతాయి. గడ్డలైనా ఒక్క గడ్డ మటుకే తీసేసే వీలు కొందరికి ఉంటుందట. రక్తం బాగా పోతోంది కాబట్టి ఒంట్లో రక్తం ఎంతుందో కూడా చూడాలంది. నువ్వు ఊరికే ఆయాసపడటం దానివల్లే కావచ్చు.

అన్నీ చూశాక, ఏవీ పనిచెయ్యక, తియ్యక తప్పదంటే అప్పుడు తీయించుకో. నేనే నీ పక్కన ఉంటాను. తీయించుకోవడం పాపమని నేననను. ఏముందో చూడకుండా, అడగకుండా, పన్ను పీకించుకున్నట్టు ముగ్గురు ఒకే ఆటోలో వెళ్ళి తీయించుకురావడం వద్దంటున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళే నీకు.

అందుకని సోమవారం మొదటి బస్సుకి వచ్చెయ్యి. డాక్టరమ్మతో మాట్లాడి ఉంచాను. పాత చీటీలు, నువ్వు వాడిన మందుల అట్టలు ఖాళీవైనా సరే అన్నీ తీసుకురా. స్కాన్‌కి నీళ్ళు బాగా తాగి ఆపుకోవాలి, కానీ బస్సులో తాగకు, ఇక్కడికొచ్చాక తాగుదువుగాని. మీ అత్తగారు ఎందుకని అడిగితే అక్కకి ఒంట్లో బాగోలేదని చెప్పు. అది అబద్ధం కాదు. ఆర్‌ఎంపీ గారికి మాత్రం ఏమీ చెప్పకు, ఆయన వచ్చి నచ్చచెప్పడం మొదలుపెడితే నువ్వు మెత్తపడిపోతావు. నీ సంగతి నాకు తెలుసు.

నీతో ఆటో ఎక్కబోతున్న ఆ ఇద్దరికీ కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు. నా పేరు దాచొద్దు. మీ అత్తగారు విన్నా ఫరవాలేదు. పైన గేదె గురించి ఏదో అన్నాను, సిగ్గుపడి అన్నాను. వాళ్ళని కూడా రమ్మను, చూపిద్దాం. మా గది చిన్నదే గానీ నలుగురు ఆడవాళ్ళు పడుకోవడానికి చాలు, మీ బావ బయట వరండాలో పడుకుంటాడు. నెలాఖరు ఆదివారం నేను ఊరొస్తాను. ముందు కాంతమ్మ వదిన ఇంటికి వెళ్ళాలి. తర్వాత ఆరాధనలో లేచి నిలబడాలి. స్తోత్రం అనేందుకు ఏమీ ఉండదు ఆ సాక్ష్యంలో. అయినా చెప్తాను.

అమ్మకి నా వందనాలు. ఆవిడ దీవెన నాకు ఎప్పుడూ ఉండాలని అడిగానని చెప్పు. ఇటుకరాయి సంగతి కూడా చెప్పు, సంతోషిస్తుంది. మీ అత్తగారికి, మరిదిగారికి నా వందనాలు. పాస్టరమ్మ గారికి వందనాలు చెప్పి నాకోసం ప్రార్థించమను, దేనికోసమో నేనే వచ్చి చెప్తానను. పిల్లలిద్దరికీ ముద్దులు. సుధ పిన్ని వస్తుందా వస్తుందా అని ఇప్పటికే రెండుసార్లు అడిగింది.

పెద్దదాన్ని, నేను నిన్ను దీవించాలి. ఈసారి మాత్రం నేనే నీ దగ్గర చెయ్యి చాపుతున్నాను, అక్కా నిన్ను క్షమించాను అని ఒక్క మాట అను. ఇప్పుడే అనబుద్ధి కాకపోతే అనొద్దు. కోపంగా ఉంటే ఆ కోపంతోనే బస్సెక్కు. దిగాక అందరి ముందూ నిలబెట్టి తిట్టు, పడతాను. రావడం మాత్రం మానకు చిట్టీ.

సోమవారం తెల్లారేసరికి బస్టాండులో నిలబడి ఉండే
నీ అక్క
కరుణ